కర్నూలు జిల్లా ఆహార భద్రత అధికారికి బహిరంగ లేఖ

అయ్యా,

తుంగభద్ర చేపనైతే బుట్టలో ఎగిరిపడుతుండగానే చూసి కొంటాం. ట్యూనా అనే సముద్రపు చేప డబ్బా అలా కాదు. ఇక్కడి ఒక దుకాణంలో మూత మీద నీలిరంగు డాల్ఫిన్ బొమ్మ, కింద ‘డాల్ఫిన్లకు హాని లేదు’ అన్న ముద్ర చూశాను. ఎవరు తేల్చారని అడిగితే దుకాణదారు డబ్బా తిప్పి ధర చూపించాడు!

తూర్పు పసిఫిక్‌లో పసుపు రెక్కల ట్యూనా తరచూ డాల్ఫిన్ల గుంపుల కింద ఈదుతుంది. డాల్ఫిన్లను తరిమి, చుట్టూ వల వేసి కింది చేపను పట్టేవారు; ఆ వలలో డాల్ఫిన్లూ చచ్చేవి. అందుకే అమెరికా 1990లో చట్టం తెచ్చింది. అక్కడ ఆ ముద్ర వేయాలంటే ఓడ కెప్టెన్ రాతపూర్వక హామీ ఇవ్వాలి. తూర్పు పసిఫిక్‌లోని పెద్ద ఓడల్లో పరిశీలకుడూ ఉండాలి. హాని లేకుండా పట్టిన చేపను విడి అరలో ఉంచాలి. రేవులో దించినా, డబ్బాకెక్కించినా కాగితం వెంట నడవాలి. మధ్యలో ఎక్కడ కలిసిపోయినా అంతే సంగతులు.

లక్షద్వీప్‌లో గాలపు కర్రతో ఒక్కొక్క చేపనే పడతారు కాబట్టి డాల్ఫిన్‌కు దాదాపు ముప్పు లేదు. నీటిలో గోడలా నిలబెట్టే వలల్లో మాత్రం డాల్ఫిన్లు చిక్కుకుంటాయి. ఏ సముద్రమో, ఏ వలో డబ్బా మీద లేకపోతే ఎలా నమ్మాలి?

తనిఖీలో లైసెన్సు, గడువు తేదీతో సరిపెట్టకండి. ఆ లాట్ సంఖ్యకు చెందిన హామీ పత్రం నకలును సరఫరాదారు నుంచి తెప్పించండి. చూపలేకపోతే, తప్పుదారి పట్టించే లేబుళ్లపై 2006 ఆహార భద్రత చట్టం మీ చేతిలోనే ఉంది.

ఇట్లు,
ఒక కొనుగోలుదారు, కర్నూలు