వైకుంఠం క్యూలో మా పక్కన కూర్చున్న నర్సక్కకు

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో మా పక్కన కూర్చున్న అక్కకు నమస్కారాలు. మీ పేరు తెలీదు, నర్సునని మాత్రం చెప్పినారు.

గోడకానుకుని మా ఆయన గురక పెడతా ఉంటే కంపార్టుమెంటంతా నవ్వింది. మీరు నవ్వలేదు, వాచీ చూసినారు. "గురక సంగతి వదిలెయ్ చెల్లీ, మధ్యలో ఆగుతోంది చూడు, అప్పుడు ఊపిరి లేదు. బీపీ ఉందా? పొద్దున్నే తలనొప్పా?" రెండూ ఉండాయి. మాత్రలు మార్చినా బీపీ దిగేది కాదు. పైగా ఆయన చిత్తూరు-తిరుపతి మధ్య టాక్సీ తోల్తారు, పట్టపగలే కళ్లు మూతపడేవి. మీ మాట విని స్లీప్ టెస్టు చేయించినాం.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుంటుందంట. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, రాత్రంతా ఇదే తంతు. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా. మా ఆయనది ఆ లెక్కే. పట్టించుకోకపోతే గుండె లయ తప్పొచ్చు, పక్షవాతం ముప్పు కూడా ఎక్కువేనని డాక్టరు చెప్పినారు.

ఇప్పుడు సీప్యాప్ మాస్కు పెట్టుకుని పడుకుంటారు. ఆ మిషను గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూస్తుంది. ధర విన్నప్పుడు మా గుండె ఝల్లుమంది, అది వేరే సంగతి. ఏనుగు తొండమని పిల్లలు ఎగతాళి చేస్తే మొదట్లో విసిరికొట్టినారు, మాస్కు సైజు మార్చినాక కుదిరింది. స్టీరింగు ముందు ఆవలింతలు పోయినాయి. బీపీ కొంత దిగింది, మాత్రలు మాత్రం ఆపలేదు.

మీరే ఊరోళ్లో గానీ, చిత్తూరు వైపొస్తే మా ఇంట్లో భోంచేసే పోవాల.