గట్టు ఎత్తు

అమ్మలూ,

మొన్న ఫోన్లో గంటసేపు యాస్మీన్ లారీ గురించి చెప్పావు. పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్ట్ అనీ, 2023లో లండన్ వాళ్లు రాయల్ గోల్డ్ మెడల్ ఇచ్చారనీ. మెడల్ సంగతి నాకంత ఎక్కలేదు గానీ, ఆ కోళ్ల ముచ్చట మాత్రం రాత్రంతా బుర్రలో తిరిగింది. 1970ల్లో లాహోర్‌లో పేదలకు అంగూరీ బాగ్ కాలనీ కడుతుంటే ఆడవాళ్లు "మరి మా కోళ్లు ఎక్కడ ఉండాలి?" అన్నారట. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన మనిషి నవ్వి ఊరుకోలేదు. కోళ్లు తిరిగేందుకు మేడమీద జాగా వదిలింది.

మన ఇల్లు కట్టేటప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదే. ప్లాను గీసినాయన నాన్నతోనే మాట్లాడాడు, నేను టీలు అందించాను. వంటింటి గట్టు నాకు ఎత్తయింది. ఇరవై రెండేళ్లుగా పీటెక్కి దోసెలు పోస్తున్నా. ఆ పీట నీకు తెలుసుగా, ఒక కాలి కింద అట్టముక్క పెడితే గానీ నిలబడదు.

ఆవిడ పల్లెల్లో కట్టించే పొయ్యి గురించి చెప్పినప్పుడు మీ అమ్మమ్మ గుర్తొచ్చింది. ఊదుగొట్టం, ఎర్రబడ్డ కళ్లు. ఈ పొయ్యేమో మట్టీ సున్నంతో అరుగులా ఎత్తుగా కట్టింది, పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది, వరద నీళ్లొచ్చినా త్వరగా అందదు. దాని మీద ఆడవాళ్లు ఎవరికి నచ్చిన ముగ్గు వాళ్లు వేసుకుంటారన్నావు చూడు, అది బాగుంది.

సున్నం అంటే తాతయ్య. గానుగలో తిప్పిన సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి, రోజుల తరబడి నానేసేవాడు. ఆయన పూసిన రామాలయం గోడ మీద తర్వాత పెద్దలెవరో గట్టిగా ఉంటుందని సిమెంటు కొట్టించారు. లోపలి చెమ్మ బయటికి రాలేక రెండు వానాకాలాలకే పెచ్చులూడింది. సింధ్‌లోని మక్లీ పాత సమాధుల దగ్గరా, వరదబాధితుల గుడిసెల్లోనూ యాస్మీన్ లారీ వాడేది సున్నమేనన్నావు. తాతయ్య వినుంటే మీసం తిప్పేవాడు!

ఇలాంటి పనిలో జీతం తక్కువని నీ బెంగ. ఆవిడా ముందు కరాచీలో పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు కట్టింది. పాత కట్టడాల కోసం భర్తతో కలిసి 1980లోనే సంస్థ పెట్టినా, ప్రాక్టీసు మానేసింది 2000లో. 2005 భూకంపం వచ్చాకే కొండల్లో ఇళ్లు కట్టించడానికి వెళ్లింది, అప్పటికి అరవై దాటాయి. ఆ కాంక్రీటుకి ఇప్పుడు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నానంటుందట. కాబట్టి నువ్వు రెండేళ్లు అద్దాల మేడలు గీసినా కొంపేం మునగదు. నీ స్నేహితులు ఒప్పుకోకపోవచ్చు, నా మాట మాత్రం అంతే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు టేపు తెచ్చుకో. గట్టు పగలగొట్టించడానికి నాన్న ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ముందు నన్ను చెప్పుల్లేకుండా నిలబెట్టి మోచేయి దాకా కొలువు. ఆ తర్వాతే పెన్సిలు పట్టుకో.

అమ్మ