వరండాలో నా పక్కన కూర్చున్న మావుసీకి

మావుసీ, అంటే పిన్నీ, మీరు ఫేస్‌బుక్‌లో ఉన్నారో లేదో నాకు తెలీదు. మీ పేరూ తెలీదు. మీ కోడలి పేరు తెలుసు, సిస్టర్ గట్టిగా కేకేస్తుంటే విన్నాను, కానీ అది ఇక్కడ రాయకూడదు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మనవాళ్లు చాలామంది నా పోస్టులు చూస్తారు కాబట్టి ఎవరో ఒకరు మీ దాకా చేరుస్తారని ఆశ. రిటైరైన బడి టీచరు. మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. ఒడియా కలిసిన తెలుగు. ఆనవాళ్లు ఇంతే.

నడుము ఇంకా లాగుతోంది. పడుకునే రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

మిగతావాళ్లకి విషయం చెప్పాలి కదా. నాకు నెల తప్పింది. ఇద్దరు ఆడపిల్లలున్నారు, మూడో కాన్పు నాకొద్దు. మా ఆయన సూరత్‌లో మగ్గాల పని, పండక్కి వచ్చి వెళ్లారు. మేం జాగ్రత్తగానే ఉన్నాం, అయినా ఇలా అయింది. ఫోన్‌లో చెప్తే, "నీ ఒళ్లు, నీకెలా బాగుంటే అలా చెయ్యి" అన్నారు. కథ ఇంతే. ఇంతకన్నా ఏదో ఉంటుందని చాలామంది చూస్తారు. నాకు జబ్బేం లేదు. ఇంట్లో కొట్టేవాళ్లు లేరు. కడుపులో బిడ్డకి లోపముందని ఎవరూ చెప్పలేదు. వద్దనుకున్నాను. ఆడది ఏడ్చి, తల బాదుకుని, కాళ్లమీద పడితే తప్ప ఆ మాట నమ్మరని నాకు ఈసారే తెలిసింది.

మొదట వెళ్లిన ఆస్పత్రి పేరు చెప్పను. చీటీ రాసే బల్ల దగ్గర, వెనక క్యూలో ఇరవై మంది వింటుండగా, "ఎందుకు తీయించుకుంటావు?" అని అడిగారు. చెప్పాను. లోపల సిస్టర్ అదే అడిగింది, చెప్పాను. "ఎంతమంది పిల్లలు?" "ఇద్దరు." "ఆడా మగా?" "ఆడపిల్లలే." ఆ మాటతో ఆవిడ మొహం మారిపోయింది. "అయితే స్కానింగ్ ఎక్కడ తీయించావు?" అంది. నేను మగపిల్లాడి కోసం చూస్తున్నానట, ఆడపిల్లని తెలుసుకుని తీయించుకుంటున్నానట! గోడమీద లింగ నిర్ధారణ నేరమనే బోర్డు చూపించింది. 1994 నాటి ఆ చట్టం ఉండాల్సిందే, ఇద్దరు ఆడపిల్లల తల్లిని, నాకన్నా దాని అవసరం ఎవరికి తెలుస్తుంది? కానీ నాకప్పటికి ఎనిమిది వారాలు. ఎనిమిది వారాలకి స్కానింగ్‌లో ఆడా మగా కనపడదని స్కానింగ్ గది పక్కనే పనిచేసే మనిషికి తెలీదా?

తర్వాత డాక్టరు. "మీ ఆయన సంతకం కావాలి." సూరత్‌లో ఉన్నారండీ. "అయితే అత్తగారిని తీసుకురా." అత్తగారు పోయారండీ. "తీసేశాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకుంటానని రాసిస్తే చూద్దాం." ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలో నేనూ ఆయనా మాట్లాడుకుంటాం. దానికీ దీనికీ ముడిపెట్టడమేటి? మా పక్కింటి వదిన నాలుగో కాన్పు కంటానంటే ఇదే జనం ఆవిడని ఆపరేషన్ ఆపరేషన్ అని వెంటపడి ఏడిపించారు. కంటానన్నదాన్ని కననివ్వరు, వద్దన్నదాన్ని వదలరు.

అక్కణ్ణించి ఆంధ్రా వైపు ఒక ప్రైవేటు దగ్గరికి వెళ్లాను. సరిహద్దు దాటితే బస్సు రంగు మారింది గానీ ప్రశ్న మారలేదు. భర్త సంతకం. పైగా వాళ్లు చెప్పిన డబ్బు మా ఇంటి మూడు నెలల ఖర్చు. మందుల షాపులో, డాక్టరు చీటీ తెస్తే కడుపు పోయే మాత్రలిస్తారా అని అడిగాను. "చీటీ ఉన్నా మేం పెట్టుకోం అమ్మా, లెక్కలు చూపించలేక చస్తాం" అన్నాడు. ఆయన్నేమనగలం?

ఈ తిరుగుడులో తొమ్మిది వారాలు దాటిపోయాయి. ఇంట్లో ఉండి మాత్రలతో పోగొట్టుకోడానికి రూల్స్‌లో రాసిన గడువు అదే. నేను వేళకే వెళ్లాను. కాలం తిన్నది వాళ్లు, మిషన్‌తో తీసే గదిలోకి వెళ్లింది నేను.

ఇప్పుడు మావుసీ దగ్గరికి వస్తాను.

మొదటి ఆస్పత్రికే మళ్లీ వెళ్లాను, ఇంకెక్కడికి పోవాలో తెలీక. కాన్పుల వార్డు ముందు వరండాలోనే మమ్మల్నీ కూర్చోబెడతారు. నేనెందుకొచ్చానో బల్ల దగ్గర అందరూ విన్నారు కాబట్టి, పురిటికొచ్చిన ఒకావిడ వాళ్లు సంచి తీసుకుని బెంచీ అవతలి చివరికి జరిగిపోయారు. శుభమా అని వస్తే ఇదేటి అని ఒక ముసలమ్మ పైకే అంది. అప్పుడు మీరు లేచారు మావుసీ. లోపల మీ కోడలు నొప్పులు పడుతోంది. మనవడో మనవరాలో ఏ క్షణమైనా రావాలి. నన్ను చూసి దూరం జరగడానికి ఆ వరండాలో మీకున్నంత కారణం ఇంకెవరికీ లేదు. మీరొచ్చి నా పక్కన కూర్చున్నారు.

నేను చెప్పడం మొదలెట్టాను. అలవాటైపోయింది కదా, ఎవరైనా మొహంలోకి చూస్తే చాలు మొదటినుంచీ మొదలెట్టేస్తున్నాను. మా ఆయన సూరత్‌లో ఉంటారండీ, ఇద్దరు పిల్లలండీ, స్కానింగ్ తీయించలేదండీ. మీరు చెయ్యి అడ్డం పెట్టి, "నాకు చెప్పక్కర్లేదు. నేనేం డాక్టర్ని కాదు" అన్నారు.

అన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. సిస్టర్ తిట్టినప్పుడు రాలేదు, డబ్బు విన్నప్పుడు రాలేదు. ఎందుకని అడక్కుండా ఒక మనిషి పక్కన కూర్చునేసరికి వచ్చింది. మీరు ఊరుకోమని కూడా అనలేదు. కాసేపయ్యాక, "వాళ్లిచ్చిన కాగితం ఏది?" అన్నారు.

ఆ కాగితం నా సంచిలోనే మడతలు పడి ఉంది. ఇంగ్లీషు. మీరు కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివారు, వాక్యం వాక్యం నాకు తెలుగులో చెప్పారు, మాట దొరక్కపోతే ఒడియాలో. 1936లో ఒడిశాని వేరు చేసి గీత గీసినప్పటినుంచీ మా ఊళ్లలో అంతే కదా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కాగితం మీద మూడోది. ఫలానా ఊరు, ఫలానా వయసు, నా గర్భం తీసేయడానికి నేను ఒప్పుకుంటున్నాను. కింద ఒక్క సంతకం, నాది. దాని కింద సంరక్షకులు నింపే ముక్క ఇంకొకటి ఉంది. అది పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకీ మానసిక రోగులకీ. మీరు కళ్లద్దాల పైనుంచి చూసి, "నువ్వు మైనరువా? పిచ్చిదానివా?" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. "మరి నీ సంతకం చాలు. ఇందులో మొగుడి సంతకానికి చోటే లేదు."

నన్ను తీసుకుని బల్ల దగ్గరికి వెళ్లారు. గొడవ పెట్టలేదు. పిల్లల పరీక్ష పేపరు వెనక్కిచ్చినట్టు ఆ కాగితం బల్లమీద పెట్టి, "భర్త సంతకం లేనిదే చెయ్యం అని మీరంటున్నారు కదా, ఆ మాట రాసి, కింద మీ సంతకం పెట్టి ఈ అమ్మాయికి ఇవ్వండి" అన్నారు. ఎవరూ రాయలేదు. లోపలికి వెళ్లారు, బయటికొచ్చారు, చివరికి వచ్చే వారం రమ్మన్నారు. సినిమాలోలాగా గెలిచి బయటికి రాలేదు మేం, ఆ ఆస్పత్రిలో నాకు పని కాలేదు. మీరే వరండాలో నిలబడి ఎవరికో ఫోన్ చేశారు. మీ దగ్గర చదువుకున్న అమ్మాయి, ఇంకో ప్రభుత్వాస్పత్రిలో స్టాఫ్ నర్సు. "పంపిస్తున్నాను, ప్రశ్నలు వెయ్యకు" అన్నారు, ఆ మాట నాకు ఒడియాలోనే అర్థమైంది. అంతలో లోపల్నించి మీకు కేక. మీరు పరిగెత్తారు. తర్వాత నేను మిమ్మల్ని చూడలేదు. ఎవరు పుట్టారు మావుసీ?

అక్కడ పని అయిపోయింది. పైసా తీసుకోలేదు. తలుపు వేసి మాట్లాడారు. మత్తు తక్కువే ఇచ్చారు, కాసేపు గట్టిగా లాగినట్టు నొప్పి, ఆ సాయంత్రానికే ఇంటికొచ్చేశాను. పెద్దపెద్ద మాటలు అనుకుంటాం గానీ, నా రెండో కాన్పుతో పోలిస్తే ఇది ఏపాటిది.

మంచం మీద ఉండి ఫోన్లో చాలా చదివాను. మావుసీ చెప్పింది నిజమే. 1971 నాటి ఎంటీపీ చట్టంలోనే, అంటే గర్భం తీసేయడం గురించిన చట్టంలోనే ఉంది, పద్దెనిమిదేళ్లు నిండిన ఆడదాని ఒప్పుకోలు తప్ప ఇంకెవరిదీ అక్కర్లేదని. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. జాగ్రత్తలు తీసుకున్నా నెల తప్పితే అదే కారణంగా సరిపోతుంది. 2021లో మార్చి, పెళ్లయిన ఆడది, ఆమె భర్త అని ఉన్నచోట ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అని రాశారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు కొందరు ఆడవాళ్లకి 24 వారాల దాకా ఉన్న వెసులుబాటు పెళ్లికానివాళ్లకీ వర్తిస్తుందని చెప్పింది. ఇంటివాళ్ల ఒప్పుకోలు తెమ్మనీ, చట్టంలో లేని కాగితాలు తెమ్మనీ డాక్టర్లు అడుగుతున్నారని ఆ తీర్పులోనే రాశారు. ఢిల్లీలో జడ్జీలకి తెలిసిన సంగతి మా బల్ల దగ్గరికి ఇంకా రాలేదు. పేషెంటు పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు కూడా ఉందట. ఆ లెక్కన క్యూలో నన్ను అరిచి అడిగినవాళ్ల సంగతేటి?

అయితే ఈ చట్టం కూడా అడిగిన వెంటనే చేయమని చెప్పదు. ఇంకా డాక్టరు అభిప్రాయం మీదే వేలాడుతుంది. ఆ డాక్టరు మంచివాడైతే మన అదృష్టం. నా ఒళ్లు అదృష్టం మీద నడవడం నాకిష్టం లేదు.

పాపం అని కామెంట్లు వస్తాయి, తెలుసు. ఆ లెక్క నాదీ దేవుడిదీ. మీరు మధ్యలో కూర్చుని పద్దులు రాయకండి.

అమ్మ పిల్లల్ని చూసుకుంది. ఆయన డబ్బు పంపారు, రోజూ ఫోన్ చేశారు. తోటికోడలు వంట చేసి పెడుతోంది. వాళ్లకి వేరే థాంక్స్ చెప్పేదేముంది, మనవాళ్లు.

అయ్యో, ఆ స్టాఫ్ నర్సమ్మకి! నిజంగానే ఒక్క ప్రశ్నా వెయ్యలేదు, నా రక్తం గ్రూపు తప్ప. చేసిన డాక్టరమ్మకీ. ఆవిణ్ణి మర్చిపోయి ఇంత రాశాను చూడండి. మా ఊరి ఆశా దీదీ మొదటి రోజు నాతో వచ్చింది, బల్ల దగ్గర ఆవిణ్ణీ కసిరారు పాపం. తిరుగు ప్రయాణంలో గతుకులు చూసి ఆటో నెమ్మదిగా నడిపిన తమ్ముడికి. బస్సులో కిటికీ సీటిచ్చిన కాలేజీ పిల్లకి.

మళ్లీ ఎడిట్ చేస్తున్నాను: మందుల షాపు పక్కన టీ కొట్టాయన నన్ను నీడలో కూర్చోమని కుర్చీ వేశాడు. ఆయనక్కూడా. ఆ ఒప్పుకోలు ఫారం ఫోటో నా దగ్గరుంది, సంతకం ఉన్న ముక్క చెరిపేశాను. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, ఎందుకని అడగను.