ఎంఆర్ఐ యంత్రం బొమ్మలకే కాదు, కొలతలకు కూడా

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత వారం మీ పత్రిక ఆరోగ్య పుటలో ఎంఆర్ఐ స్కానింగ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. యంత్రం లోపలికి వెళ్లే ముందు నగలు తీసేయాలని, పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతి ముందుగా చెప్పాలని, ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ వాడే కిరణాలు ఇందులో ఉండవని రాసిన మాటలన్నీ సరైనవే. కానీ వ్యాసం మొదలు నుంచి చివరి దాకా ఆ యంత్రాన్ని శరీరం లోపలి ఫొటో తీసే పెద్ద కెమెరాగానే చూపించింది. ముప్ఫై ఏళ్లు అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి, అందులో సగం కథే ఉందని చెప్పవలసి వస్తోంది. అయస్కాంత అనునాదం అనే ఈ పద్ధతి పరమాణు కేంద్రకాలను చదవడానికి పుట్టి, రసాయనవేత్తల చేతుల్లో పెరిగింది. బొమ్మ తీయడం అది చాలా ఆలస్యంగా నేర్చిన విద్య. ఇవాళ రాయలసీమకు దాని పాత విద్యే ఎక్కువ అవసరమన్నది ఈ ఉత్తరంలో నేను చెప్పదలచిన విషయం.

ఈ అవసరం నాకు ఇంట్లోనే తెలిసివచ్చింది. మా తమ్ముడు వేరుశనగ రైతు. బక్కపలచని మనిషి, రోజూ పొలం పని చేసేవాడు. నలభై రెండో ఏట అతనికి షుగరు బయటపడింది, అల్ట్రాసౌండ్ చేస్తే కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. రిపోర్టు చూసిన పక్కింటాయన, "ఇంత సన్నంగా ఉండే మనిషికి కొవ్వేంది సార్, మిషన్ తప్పు చెప్పింటుంది" అన్నాడు. మిషన్ తప్పు చెప్పలేదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును లెక్కకట్టే అంకె, ఒకటే, 22.3; ఒంట్లో కొవ్వు మాత్రం ఆంగ్లేయుడికి 9.1 శాతం, మన వైద్యుడికి 21.2 శాతం. త్రాసు చెప్పే బరువుకూ లోపలి కొవ్వుకూ మనవాళ్లలో పొత్తు తక్కువన్న సంగతి అప్పటి నుంచి వైద్యులకు పరిచితమే. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, మరో 13 కోట్ల 60 లక్షల మందికి దాని ముందు దశ ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో అంచనా వేసింది. వీరిలో మా తమ్ముడిలాంటి సన్నని మనుషుల కాలేయంలో, కండరంలో ఏం జరుగుతోందో సూది గుచ్చకుండా, కోత లేకుండా, పదేపదే కొలిచే సాధనం ఏదైనా ఉందా అంటే, మన పట్టణాల స్కానింగ్ సెంటర్లలో వెన్నుపూసలూ మోకాళ్లూ చూసుకుంటున్న ఆ యంత్రమే.

అది కొలిచే తీరు క్లుప్తంగా చెబుతాను. ఒకే శ్రుతికి చేసిన రెండు తంబురాలలో ఒకదాన్ని మీటితే రెండోదాని తీగ దానంతటదే కదులుతుంది. అదే విధంగా, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు తమ శ్రుతికి సరిపోయే రేడియో తరంగానికే స్పందిస్తాయి. 1.5 టెస్లాల యంత్రంలో, అంటే భూమి అయస్కాంత క్షేత్రం కంటే ముప్ఫై వేల రెట్లకు పైగా బలమున్న చోట, ఆ శ్రుతి సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల కంపనాలు. అయితే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు కేంద్రకానికి కాస్త గొడుగు పడతాయి కాబట్టి, నీటిలోని హైడ్రోజన్ పలికే శ్రుతికీ కొవ్వులోని హైడ్రోజన్ పలికే శ్రుతికీ సెకనుకు సుమారు 220 కంపనాల తేడా వస్తుంది. ఆరు కోట్లలో రెండు వందలంటే ఏపాటి అనిపించవచ్చు గానీ, నీళ్లనూ నూనెనూ వేరుగా లెక్కపెట్టడానికి యంత్రానికి ఆ తేడా చాలు. ఎక్కడో కాదు, మనకు కొన్ని గంటల బస్సు దూరంలోని బెంగళూరులో, భారతీయ విజ్ఞాన సంస్థలో జి. సూర్యన్ ప్రవహించే ద్రవాలలో ఈ సంకేతం ఎలా మారుతుందో 1951లోనే కొలిచారు. పాల్ లాటర్‌బర్ 1973లో తొలి బొమ్మను ప్రచురించిన రెండేళ్లకు, కలగలిసిన శ్రుతులను విడదీసే ఫూరియే గణితంతో బొమ్మను కూర్చే పద్ధతిని ప్రతిపాదించిన ముగ్గురిలో తర్వాత అదే బెంగళూరు సంస్థలో ఆచార్యుడైన అనిల్ కుమార్ ఒకరు. ఇవి మన పాఠ్యపుస్తకాల్లో నాకు ఎక్కడా కనిపించలేదు.

తెలుగువారికి ఇంకా దగ్గరి చుట్టరికం ఒకటి ఈ కథలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే రంగు పరీక్షను 1925లో రూపొందించారు. భాస్వరం ఉంటే ద్రావణం నీలి రంగుకు తిరగాలి. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ నీలి రంగు రావలసినంత త్వరగా రావడం లేదని వారు గమనించారు. అంత చిన్న ఆలస్యాన్ని మరొకరైతే మందు పాతబడిందని తోసిపుచ్చి ఉండేవారు. ఆ ఇద్దరూ తోసిపుచ్చలేదు. అప్పటిదాకా అందరూ మామూలు ఫాస్ఫేట్ అనుకుంటున్నదాంట్లో చాలా భాగం, పరీక్షలో వేసే ఆమ్లానికి విరిగిపోతున్న వేరొక పదార్థమని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, కండరం అవసరానికి అట్టిపెట్టుకునే శక్తి నిల్వ. ఆ ఫలితం 1927లో వెలువడింది. సుబ్బారావు గారి కాలంలో దాన్ని చూడాలంటే జంతువు కండరాన్ని కోసి, మంచులో పెట్టి, అది విరిగిపోకముందే పరీక్ష ముగించాలి. 1974లో ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రాడా బృందం అప్పుడే తీసిన ఎలుక కాలి కండరాన్ని అయస్కాంతంలో ఉంచి, ఏ ఆమ్లమూ వేయకుండా, ఏ రంగూ చూడకుండా, ఫాస్ఫోక్రియాటిన్ సంకేతాన్ని నేరుగా నమోదు చేసింది. మరి కొన్నేళ్లకు బతికి ఉన్న మనిషి చేతిని అయస్కాంతంలో పెట్టి, పిడికిలి బిగించి వదులుతుండగా ఆ నిల్వ తరగడమూ, విశ్రాంతిలో తిరిగి నిండడమూ చూడగలిగారు.

1981లో అదే ఆక్స్‌ఫర్డ్ బృందం ఒక రోగిని పరీక్షించింది. మామూలు మనుషుల కండరం గట్టిగా పనిచేస్తే లాక్టిక్ ఆమ్లం చేరి ఆమ్లత పెరుగుతుంది; ఫాస్ఫేట్ సంకేతం కాస్త పక్కకు జరగడాన్ని బట్టి ఆ పెరుగుదలను లెక్కకట్టవచ్చు. ఈ రోగి కండరంలో ఆమ్లత పెరగలేదు. అంటే గ్లైకోజన్‌ను, కండరంలో నిల్వ ఉండే చక్కెరను, విరిచి వాడుకునే దారి మూసుకుపోయిందన్నమాట. మెకార్డిల్ వ్యాధి అనే అరుదైన లోపం ఆ విధంగా ముక్క కోయకుండానే బయటపడింది. ఇంకొంచెం మన షుగరుకు దగ్గరగా రావాలంటే 1990 నాటి యేల్ విశ్వవిద్యాలయ పరిశోధన చెప్పుకోవాలి. ప్రకృతిలోని కార్బన్‌లో నూటికి ఒక వంతు మాత్రమే ఉండే కార్బన్-13కు అయస్కాంత సంకేతం ఉంటుంది. జెరాల్డ్ షుల్మన్ బృందం ఆ కార్బన్‌తో గుర్తుపెట్టిన గ్లూకోజును రక్తంలోకి ఎక్కించి, అది పిక్క కండరంలో గ్లైకోజన్‌గా మారే వేగాన్ని కొలిచింది. టైప్-2 మధుమేహం ఉన్నవారిలో ఆ వేగం మామూలు వారిలో ఉన్నదానిలో సగానికి కూడా చేరలేదు. రక్తంలో చక్కెర ఎంత ఉందో మన ఊరి ల్యాబ్ వంద రూపాయలకు చెబుతుంది. ఆ చక్కెర ఎక్కడికి పోలేక రక్తంలో నిలిచిపోయిందో చెప్పినవి ఇటువంటి ప్రయోగాలే.

కాలేయపు కొవ్వు విషయంలో ఈ పద్ధతి ఇంకా ముందుకు వచ్చింది. బయాప్సీ సూదితో తీసే ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభై వేలవ వంతు. అయస్కాంతం మాత్రం ఊపిరి బిగబట్టినంత సేపట్లో కాలేయమంతా చూసి, కొవ్వు శాతం ఎంతో అంకెగా ఇస్తుంది. సుమారు 5.5 శాతం దాటితే ఎక్కువ ఉన్నట్లు లెక్క. అల్ట్రాసౌండ్ రిపోర్టులో రాసే "గ్రేడ్ 1", "గ్రేడ్ 2" చూసేవారి కంటిని బట్టి మారవచ్చు, ఆరు నెలల తర్వాత తగ్గిందో లేదో తేల్చడానికి అది చాలదు. అంకె ఉంటే ఏం సాధ్యమవుతుందో బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో చూపించింది. 11 మంది షుగరు రోగులు 8 వారాల పాటు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారంతో ఉన్నారు. వారి కాలేయపు కొవ్వు సగటున 12.8 శాతం నుంచి 2.9 శాతానికి దిగింది, పరగడుపు చక్కెర మొదటి వారంలోనే మామూలు స్థాయికి వచ్చింది. బరువు పెద్దగా లేని 20 మందిని తీసుకుని అదే తరహాలో చేసిన మరో అధ్యయనంలో 14 మందికి షుగరు వెనక్కి తగ్గింది. మందులు, ఇన్సులిన్ వాడుతున్నవారు ఇది చదివి సొంతంగా కడుపు మాడ్చుకోవద్దు, డాక్టరు గారి పర్యవేక్షణ లేకుండా అది ప్రమాదం. నేను చెప్పేది చికిత్స గురించి కాదు. షుగరు వెనక్కి మళ్లవచ్చునన్న ఆలోచనకు ఆధారం ఆ కొలతల నుంచి దొరికిందని మాత్రమే.

ఇప్పుడు మన సంగతి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మన పల్లెల్లో సంగటి, జొన్న రొట్టె ముందటంత పెద్ద పీట మీద లేవు. కొర్రలు, రాగులు తింటే షుగరు పోతుందని ఒక వర్గం, అన్నమే అసలు దోషి అని ఒక వర్గం వాదించుకుంటున్నాయి. ఆ వాదనలు వినీవినీ నాకు విసుగు పుట్టింది, ఎందుకంటే రెండు వైపులా ఎవరి దగ్గరా కొలత లేదు. కరువు ఏళ్లలో తల్లి కడుపులో ఉన్నవారి కాలేయం, వలస వెళ్లి వచ్చిన కూలీ కాలేయం, పొలం పని మాని ఆటో నడుపుతున్నవాడి కాలేయం ఒక్క తీరున ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు న్యూకాసిల్ నుంచి రాదు. అనంతపురం, కర్నూలు, కడపలలో వైద్య కళాశాలలు ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ, యోగి వేమన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వైద్యులకు రోగులు తెలుసు, విశ్వవిద్యాలయం వారికి లెక్కలు తెలుసు. ఈ ఇద్దరూ వారానికి ఒక పూట, ఆదివారం ఉదయమైనా సరే, ఉన్న యంత్రం దగ్గర కూర్చుంటే తొలి ఏడాదిలో రెండు వందల మంది కాలేయపు కొవ్వును కొలవవచ్చు.

ఇందులో చేయగలిగినదీ చేయలేనిదీ ముందే చెప్పడం న్యాయం. కొవ్వు కొలత హైడ్రోజన్‌తోనే జరుగుతుంది కాబట్టి ఆసుపత్రి యంత్రానికి పెద్ద మార్పులు అక్కర్లేదు, అదనపు సాఫ్ట్‌వేర్ కొనవలసి రావచ్చు. కాలేయంలోని ఇనుము ఈ కొలతను పక్కదారి పట్టిస్తుంది, దాన్ని సరిచేసే పద్ధతినే ఎంచుకోవాలి. భాస్వరం సంకేతం అదే 1.5 టెస్లాలలో సెకనుకు సుమారు 2 కోట్ల 60 లక్షల కంపనాల దగ్గర పలుకుతుంది. హైడ్రోజన్‌కే శ్రుతి చేసిన మామూలు యంత్రానికి అది వినబడదు, ఆ సంకేతాన్ని అందుకునే ప్రత్యేకమైన కాయిల్ (తీగచుట్ట), వేరే ఎలక్ట్రానిక్ సామగ్రి కావాలి. సుబ్బారావు గారి ఫాస్ఫోక్రియాటిన్‌ను మన ఊళ్లో చూసే కోరిక ఎంత ఉన్నా, దాన్ని రెండో దశకు వదిలేయడమే మంచిది. కార్బన్-13 ఖర్చు మాట ఇక ఎత్తనక్కర్లేదు. భద్రత విషయంలో మాత్రం ఏ దశలోనూ సడలింపు కుదరదు. స్కాన్ జరగకపోయినా ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూ, ఇనుప వస్తువులను లాగుతూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరుతో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన ఒకాయన ప్రాణం కోల్పోయాడు.

రోగులకే యంత్రం చాలక వారాల తరబడి ఎదురుచూస్తుంటే పరిశోధన పేరిట పూట కేటాయించడమేమిటని అడిగేవారు ఉంటారు. వారి మాటలో బలం ఉంది. అత్యవసర రోగి వచ్చినప్పుడు పరిశోధన పక్కకు జరగాలి, జీతం లేని అదనపు పని టెక్నీషియన్ల మీద పడకూడదు. కానీ ఒక్కొక్కరికి ఈ కొలత పట్టే సమయం కొద్ది నిమిషాలే, అందులో ఎక్కువ భాగం మనిషిని పడుకోబెట్టి లేపడానికే పోతుంది. మోకాలి స్కాన్ ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

కొలత నమ్మదగినదో కాదో ముందుగా తేల్చుకోవాలి. అందుకు నీటిలో తెలిసిన పాళ్లలో నూనె కలిపిన సీసాలను యంత్రంలో పెట్టి, అది చెప్పే శాతం మనం కలిపిన శాతంతో సరిపోతుందో లేదో చూస్తారు. విదేశాల్లో ఈ పని కోసం పరిశోధకులు వేరుశనగ నూనెను ఎంచుకున్నారు, దాని సంకేతం మనిషి ఒంట్లోని కొవ్వు సంకేతానికి చాలా దగ్గరగా ఉంటుందని. ఆ నూనె కోసం అనంతపురం జిల్లావాళ్లం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. వైద్య కళాశాల వారు ముందుకు వస్తే, సున్నా నుంచి 30 శాతం దాకా తూచి కలిపిన సీసాల వరుసను మా పాత విద్యార్థులతో కలిసి నేనే తయారుచేసి ఇస్తాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం.