ఇంకుడు గుంతను పిల్లల లెక్కకు అప్పగించండి

సంపాదకులకు,

పర్యావరణ దినోత్సవం జూన్ 5న వస్తుంది. మన బడులు మామూలుగా తెరిచేది జూన్ 12న. అందుకని ఆ వేడుకను వీలున్న రోజుకు జరిపి, ఒక మొక్క, ఒక ఫొటో, ఒక డ్రాయింగ్ పోటీతో కానిచ్చేస్తారు. కారుతున్న నల్లా బొమ్మకు బహుమతి వస్తుంది. సెకనుకో చుక్క కారితే రోజుకు ఎన్ని లీటర్లు పోతాయో మాత్రం ఆ బొమ్మ వేసిన పిల్లకు ఎవరూ చెప్పరు. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు, రోజుకు 86,400 సెకన్లు. అంటే నాలుగు లీటర్ల పైమాటే.

నీటి పొదుపు నినాదాలతో రాదు, కొలతతో వస్తుంది. హైదరాబాద్‌లో బడి గంటా తొలకరీ దాదాపు ఒకేసారి మొదలవుతాయి కాబట్టి పాఠానికి సామగ్రి పైనుంచే పడుతుంది.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు, వానమాపకం తయారు. సీసాను గోడలు నిలువుగా ఉన్నచోటే కోయాలి. మెడ సన్నబడిన చోట కోస్తే గరాటు మూతి చిన్నదై, వాన తక్కువగా చూపిస్తుంది. కోసిన పైభాగాన్ని గరాటులా బోర్లించాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక గులకరాళ్లు వేసి, నిలువు గోడ మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టి స్కేలు అంటించాలి. గాలికి పడకుండా ఇసుక బకెట్‌లో నిలపాలి. చెట్టు కింద, గోడ పక్కన పెడితే కొలిచినా వృథా. రీడింగు రోజూ ఉదయం 8.30కే తీయాలి, వాతావరణ శాఖ పాటించే వేళ అదే. మధ్యాహ్నం దాకా ఆగితే కొంత ఆవిరైపోతుంది.

చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 250 చదరపు మీటర్ల స్లాబుపై 25 మిల్లీమీటర్లు కురిస్తే 6,250 లీటర్లు. తడికీ ఆవిరికీ ఐదో వంతు తీసేసినా 5,000 లీటర్లు, సరిగ్గా ఒక చిన్న వాటర్ ట్యాంకర్. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇళ్ల పిల్లలకు ఈ లెక్క ఇంకొకరు వివరించనక్కర్లేదు.

ఆ నీరు వెళ్లాల్సింది ఇంకుడు గుంతలోకి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పుణ్యమా అని గుంతలైతే తవ్వారు. మూత కింద ఏముందో తెలిసినవారు అరుదు. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో 8,000 లీటర్లు పడతాయనుకుంటారు. కంకర నిండాక మిగిలే ఖాళీ నూటికి నలభైకి మించదు, అంటే మూడు వేల లీటర్ల చిల్లర. నమ్మకపోతే బకెట్ నిండా 40 ఎంఎం కంకర పోసి, మగ్గుతో నీళ్లు కొలిచి పోయించండి. అడుగున 40 ఎంఎం, దానిపై 20 ఎంఎం, ఆపైన జాలీ పరిచి దొడ్డు ఇసుక, పైన ఒక అడుగు ఖాళీ ఉండాలి. ఇసుకను నేరుగా పెద్ద కంకరపై పోస్తే సందుల్లోకి జారి గుంత పూడుకుపోతుంది.

ఐదు వేల లీటర్లు వచ్చి మూడు వేలే పడితే, మిగతాది నీరు ఇంకే వేగం మీదే ఆధారం. పిల్లలు కొలవాల్సిన అసలు సంగతి ఇదే. కంకర నింపే ముందే, కింది భాగంలో రంధ్రాలున్న నాలుగంగుళాల పీవీసీ గొట్టం నిలబెట్టాలి. వాన వెలిశాక సుద్ద పూసిన కర్రను అందులో దించితే తడి గీత తేటగా కనిపిస్తుంది. గంటకోసారి రాసుకుంటే వేగం తెలుస్తుంది. పోయినేడు జులైలో గంటకు పది సెంటీమీటర్లు దిగిన నీరు ఈ ఏడు నాలుగే దిగితే, బురద పేరుకుందన్నమాట. అప్పుడు పై ఇసుకను రెండు మూడు అంగుళాలు గీకి, కడిగి మళ్లీ వేయాలి. గుంతకు ముందు చిన్న ఒండ్రు తొట్టి ఉంటే ఈ పని సగం తగ్గుతుంది. తొలి వానకు స్లాబు కడిగిన మురికిని బయటికి వదిలేయాలి. సబ్బు నీళ్లు, సెప్టిక్ ట్యాంకు ఊట గుంత దరికి రాకూడదు, బోరు పాడవుతుంది.

'భూమి కింద నది పారుతుంది' అని చెప్పే మాస్టార్లు ఇంకా ఉన్నారు. ఈ నగరం గ్రానైట్ మీద కూర్చుంది. నీరు నిలిచేది పైనున్న మొరంలో, కింద రాతి పగుళ్లలో. మూడు కిలోల ఇటుక రాత్రంతా నానితే సుమారు అర కిలో బరువు పెరుగుతుంది, అదే బరువున్న గ్రానైట్ కొన్ని గ్రాములే. ల్యాబ్ తరాజు మీద ఇది చూసిన పిల్లలు పక్కింటి బోరు ఎందుకు ఎండిందో వాళ్లే చెబుతారు.

విద్యాశాఖను కోరేది ఒక నోటు పుస్తకం మాత్రమే: తేదీ, వాన, గుంతలో మట్టం, గంట తర్వాత మట్టం. ఎనిమిదో తరగతి రాసి, వెళ్లేటప్పుడు ఏడో తరగతికి అప్పగించాలి. మార్కులు పెట్టొద్దు, పెడితే అంకెలు ఇంట్లోనే తయారవుతాయి. గుంత మూత, సంపు మూత తీయడం, ఇసుక గీకడం మాత్రం పెద్దల పనే. గొట్టం మూత తీసి కర్ర దించడమే పిల్లల వంతు.

– భూగర్భ జలాల రంగంలో పనిచేసే పాఠకులు, తార్నాక, హైదరాబాద్