పద్యానికి డ్రమ్స్: మిగిలిన ఆ ఒక్క బీట్

ఒరేయ్ శీనూ,

మీ బ్యాండ్‌తో పోతన పద్యం కడతామని రాశావు. పద్యం తాళంలో కూర్చోదని మీ డ్రమ్మర్ అంటున్నాడట. పాపం, అతను విన్నదంతా పద్యనాటకాల బాణీ అయివుంటుంది. అక్కడ తాళం ఉండదు. హార్మోనియం తోడుగా పాడి, పాదం చివర రాగం తీసి, జనం ‘వన్స్ మోర్’ అనేదాకా వదలరు. అది స్టేజీ అలవాటు. పద్యం లోపల లెక్క మాత్రం గడియారంలా ఉంటుంది.

నువ్వు ఎంచుకున్న ‘ఎవ్వనిచే జనించు’, గజేంద్రమోక్షంలో ఏనుగు మొర, ఉత్పలమాల కదా. గణాలు భ ర న భ భ ర వ. గురువుకి రెండు, లఘువుకి ఒకటి వేసి కూడితే పాదానికి 28 మాత్రలు. నాలుగు మాత్రలు ఒక బీట్ అనుకుంటే 7 బీట్లు. మీ ఫోర్-ఫోర్‌లో, అంటే బార్‌కి నాలుగు బీట్ల లెక్కలో, రెండు బార్లకి 8 బీట్లు కావాలి. అంటే ఒక బీట్ మిగులుతుంది. బాణీ సంగతి తర్వాత, ముందు ఆ మిగిలిన బీట్ ఎక్కడ పెట్టాలో తేల్చుకో.

యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, పదో అక్షరం. దాని ముందు 12 మాత్రలు, అక్కణ్ణుంచి 16. కాబట్టి యతి ముందు ఒక బీట్ ఖాళీ వదిలితే మొదటి బార్ నిండుతుంది, యతి అక్షరం రెండో బార్ మొదటి దెబ్బ మీద పడుతుంది. కాగితం మీద చక్కగా ఉంది. పాడి చూడు: ‘ఎవ్వనిచే జనించు జగ... (ఖాళీ)... మెవ్వని’. జగము ముక్కలైపోయింది! రెండో పాదంలో ‘బర... మేశ్వరు’, అదీ అంతే. సరే, ఖాళీని పాదం చివరికి తోద్దామంటే ‘మూలకారణం’ దగ్గర ‘బెవ్వడు’ తెగుతుంది, ‘వా’ దగ్గర ‘డెవ్వడు’ తెగుతుంది. పోతన పాదాలని గొలుసులా అల్లాడు, చివర్లో కత్తెర పెట్టకూడదు.

మందు చిన్నదే. ఖాళీని రెండు మాత్రలు ముందుకి జరుపు. ‘ఎవ్వనిచే జనించు’ వరకు 10 మాత్రలు, తర్వాత నాలుగు ఖాళీ, ఆపైన ‘జగ’ రెండు మాత్రలు. మొత్తం 16, బార్ నిండింది. ‘జగ’ ఎత్తుగడలా వచ్చి ‘మెవ్వని’ సరిగ్గా దెబ్బ మీద వాలుతుంది. రెండో పాదంలోనూ ఇదే కొలత: ‘ఎవ్వనియందు డిందు’, ఖాళీ, ‘బర’, ‘మేశ్వరు’. మూడోదాంట్లో ‘బెవ్వ డనాదిమధ్య’ తర్వాత విరుపు సమాసం మధ్యలో పడుతుంది కానీ అతుకు దగ్గరే కాబట్టి చెవికి గుచ్చుకోదు.

నాలుగో పాదంలో మాత్రం ఆ కొలత వాడకు, ‘ఆత్మ’, ‘భవు’ విడిపోతాయి. అక్కడ ‘డెవ్వడు’ అనగానే, అంటే మొదటి బీట్ అవగానే, ఖాళీ ఇవ్వు. ఆ తర్వాత ‘వాని నాత్మభవు’ రెండు బీట్లు, ‘నీశ్వరు’ దెబ్బ మీద. అంతదాకా ‘ఎవ్వడు, ఎవ్వడు’ అని అడిగిన ఏనుగు ఒక్క క్షణం ఆగి ‘వాని’ అంటుంది. డ్రమ్స్ కూడా ఆ బీట్‌లో పూర్తిగా ఆగిపోవాలి, సింబల్ పళ్ళెం మోత తోక కూడా వినపడకూడదు.

వేగం నిమిషానికి 72 బీట్ల దగ్గర పెట్టు. నాలుగు పాదాలు 32 బీట్లు, సుమారు 27 సెకన్లు. 90 దాటిస్తే ‘త్మ’, ‘ర్వ’ లాంటి జంట అక్షరాలు నోట్లోనే అరిగిపోతాయి. ఇరవయ్యేడు సెకన్లతో పాట అవదు కాబట్టి పద్యం రెండుసార్లు రావాలి: మొదటిసారి బేస్, శ్రుతి మాత్రమే, రెండోసారి పూర్తి బ్యాండ్. మధ్యలో వచన వ్యాఖ్యానం పెట్టకు, దయచేసి.

గాయకుడికి ఒకటి గట్టిగా చెప్పు. ‘ఎవ్వని’లో మొదటి అక్షరం గురువే కానీ అచ్చు హ్రస్వం. సాగదీస్తే ‘ఏవ్వని’ అవుతుంది. ఆ రెండో మాత్ర ‘వ్’ మీద ఆగడంతో రావాలి. గమకాలన్నీ ‘చే’, ‘లో’, ‘లీ’ లాంటి దీర్ఘాల మీద. ‘నించు’, ‘ణం’ దగ్గర సున్నా మీద ముక్కుతో నిలవొచ్చు. లఘువుని లాగితే ‘శరణంబు’ ‘శారణంబు’ అయి కూర్చుంటుంది. చివర ‘వేడెదన్’ని పొడిగించాలంటే ‘వే’ మీద పొడిగించు, ‘ద’ మీద వద్దు. పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడితే అది సరిచేసే వేగాన్ని బాగా తగ్గించి వాడు, లేకపోతే గమకాన్ని తప్పనుకుని చదును చేసేస్తుంది.

రాగం హిందోళం అన్నావు, బాగుంటుంది. కానీ మీ గిటారిస్ట్ పవర్ కార్డుల మనిషి, అంటే ఏ స్వరాన్నైనా దాని పంచమంతో కలిపి కొడతాడు. హిందోళంలో పంచమం లేదు. సి శ్రుతి అనుకుంటే ఉన్నవి సి, ఈ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్. అతను అలవాటుగా సి మీద పవర్ కార్డు కొట్టాడంటే జి వచ్చి రాగం పోతుంది. మిగతా నాలుగింటి మీద ఎంతైనా కొట్టుకోవచ్చు. మూడు స్వరాల కార్డులు రెండే దొరుకుతాయి: ఎఫ్ మైనర్, ఏ ఫ్లాట్ మేజర్. తంబురా యాప్‌ని కూడా ‘స ప’ నుంచి ‘స మ’కి మార్చడం మర్చిపోకు.

ఆల్బమ్‌లో మిగతావాటికి: చంపకమాలకి ఇదే మూస పనికొస్తుంది, మొదటి గురువు రెండు లఘువులవుతుంది, అంతే. శార్దూల మత్తేభాలకి యతి ముందు 18 మాత్రలు, అక్కణ్ణుంచి 12. మధ్యలో రెండు మాత్రలు ఆగితే 8 బీట్లు. కందంలో రెండు పాదాలు 12, 20 మాత్రలు కలిసి 32, అసలు ఖాళీయే అక్కర్లేదు. వేమన ఆటవెలది మాత్రం ఫోర్-ఫోర్‌లో కుంటుతుంది. అందులో వచ్చే సూర్యగణం మూడు మాత్రలు కదా, మూడేసిగా నడిచే సిక్స్-ఎయిట్ పెట్టు. ‘ఉప్పు, కప్పు, రంబు’ మూడేసి. ‘నొక్కపో’, ‘లికనుండు’ అయిదేసి మాత్రలు, ‘పో’ మీద, ‘నుం’ మీద ఒక్కొక్క మాత్ర పెంచి ఆరు చేసుకో. మొదటి పాదానికి ఏడు మూళ్ళు, రెండోదానికి అయిదు. ఎనిమిదికి తక్కువైనవి గిటార్‌కి వదిలెయ్.

హక్కుల బెంగ వద్దు, పోతనా వేమనా అందరివాళ్ళు. పాత రికార్డుల్లో విన్న బాణీ మాత్రం తీసుకోకు. స్వరకర్త పోయిన 60 ఏళ్ళ వరకు అది వాళ్ళదే.

బాణీ కట్టకముందే, మెట్రోనోమ్ క్లిక్ మీద వట్టి చదువు రికార్డు చేసి ఫోన్‌కి పంపు. నాలుగో పాదంలో ఆ బీట్ ఆగిందో లేదో ముందు అది వింటాను.

నీ
రఘు