నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చిన ల్యాబ్ మేడమ్‌కి

36 రోజుల తర్వాత నిన్న సాయంత్రం నాన్నను గుంటూరు ఇంటికి తీసుకొచ్చాం. కళ్లు మూతలు పడుతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోలేను.

కడుపులో అల్సర్ పగిలి ఆపరేషన్ అయ్యాక నాన్నకు జ్వరం వదల్లేదు. మొదటి ఆసుపత్రిలో పది రోజులు యాంటీబయాటిక్స్ మార్చుతూ పోయారు. రక్తంలోకి ఫంగస్ చేరిందేమోనని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇలాంటి ఆపరేషన్ అయి, మెడ దగ్గర రక్తనాళంలో పెట్టిన గొట్టంతో (లైన్), అన్ని యాంటీబయాటిక్స్ మీద ఉన్నవాళ్లకే అది ఎక్కువగా వస్తుందట. మరి ఎందుకు చూడలేదు?

రెండో ఆసుపత్రిలో బ్లడ్ కల్చర్ సీసాలు (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసేవి) నేనే ల్యాబ్‌లో ఇచ్చాను. రెండో రాత్రి రెండు గంటలకు ఐసీయూ బయట మెట్ల మీద ఉంటే, ఒక మేడమ్ రొప్పుతూ పైకి వచ్చారు. మెషీన్‌లో నాన్న సీసా మోగిందట, స్లైడ్ మీద ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్, కనిపించిందట. ఐసీయూలో ఫోన్ ఎత్తకపోతే నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చారు. ఏ రకమో తేలేదాకా ఆగకుండా డాక్టర్లు ఆ రాత్రే కాస్పోఫంజిన్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టారు, మెడలో లైన్ తీసేశారు.

మేడమ్ బయటికొచ్చి, "ఏమైనా తిన్నావా బాబూ?" అన్నారు. కిందికి తీసుకెళ్లి, బెంచీ మీద కూర్చోబెట్టి, తన డబ్బాలో పెరుగన్నం సగం నాకు పెట్టారు. అన్ని రోజులూ బిగబట్టుకున్నవాడిని, మొదటి ముద్దకే ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు, ఆవకాయ ముక్క ఒకటి పక్కన వేశారు.

తేలింది కాండిడా ఆరిస్ అనే ఫంగస్. ఫ్లూకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందుకి లొంగదని రిపోర్టులో ఉన్నా, ఇన్సూరెన్స్ వాళ్లు "ఆ మందు చాలదా?" అంటూ మూడు రోజులు తిప్పారు. ఆ మూడు రోజులు కాస్పోఫంజిన్ వయళ్లకు (మందు సీసాలకు) అప్పు చేశాం.

కల్చర్లు మళ్లీ మళ్లీ పంపారు. ఒక ఉదయం మేడమ్ ఎదురొచ్చి, "సోమవారం తీసిన రక్తంలో ఏమీ పెరగలేదు బాబూ. అక్కణ్నుంచి పద్నాలుగు రోజులు మందు ఆపకూడదు" అని, ప్లాస్టర్ ముక్క మీద తేదీ రాసి నా ఫోన్ వెనక అంటించారు. అది ఇంకా అలాగే ఉంది. మేడమ్, మీకు దండం.

అమ్మకి, అన్నయ్యకి, చెల్లికి వేరే చెప్పాలా.

కంటిలోకి పాకిందేమోనని ఓపిగ్గా చూసిన కళ్ల డాక్టర్ గారికి, హైదరాబాద్ నుంచి వయళ్ల ఐస్ బాక్స్ తెచ్చిన బస్సు డ్రైవరన్నకి కూడా కృతజ్ఞతలు.

అయ్యో, వార్డుబాయ్ తమ్ముణ్ని మర్చిపోయాను. నాన్నను విడి గదిలో పెట్టాక అందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతుంటే, గౌను, గ్లౌజులు వేసుకుని లోపలికెళ్లి గడ్డం గీసింది అతనే.